పొద్దున తలంటు, సాయంత్రం దివిటీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దీపావళి గురించే. అందులోనూ చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్లు రాసినవే ఎక్కువ. నేను 1978లో తెనాలి పక్క పల్లెటూరి నుంచి కొత్త కోడలిగా వెస్ట్ మాంబళం వచ్చాను. అప్పట్నుంచీ ఇక్కడే. మా ఊళ్లో చూసిందీ, ఈ ఊళ్లో నేర్చుకున్నదీ కలిపి చెబుతున్నాను.

ప్ర: నాకు పెళ్లయి నాలుగు నెలలైంది. రాజమండ్రి నుంచి పెరుంగుడిలో ఫ్లాట్‌కి వచ్చాం. ఇద్దరికీ సెలవు దొరక్క మొదటి దీపావళికి పుట్టింటికి వెళ్లలేకపోతున్నాం. పక్కింటి మామి తెల్లవారుజామున నాలుగింటికే స్నానాలంటున్నారు. మా అత్తగారేమో దీపావళంటే సాయంత్రం దీపాలే, అరవవాళ్ల పద్ధతులు మనకెందుకు అంటున్నారు. ఒక్కో ఏడు రోజు కూడా తేడా వస్తుందట. నేనేం చెయ్యాలి? (ఒక పాఠకురాలు, పెరుంగుడి)

జ: రెండూ చెయ్యమ్మా. ఒకటి చేస్తే ఇంకోటి పోతుందన్న భయం అక్కర్లేదు.

ముందుగా, పండగ ఏ రోజన్న సంగతి చెబుతాను. తమిళులు లెక్క చూసేది నరక చతుర్దశికి. వాళ్ల ఐప్పసి నెలలో బహుళ చతుర్దశి తెల్లవారుజామున ఏ రోజు ఉంటే ఆ రోజు వాళ్లకు దీపావళి. మనం చూసేది ఆశ్వయుజ అమావాస్య. పొద్దుగూకే వేళకు అమావాస్య ఏ రోజు ఉంటే ఆ సాయంత్రం మనకు లక్ష్మీపూజ, దీపాలు. చాలా ఏళ్లు ఈ రెండూ ఒక్క రోజునే పడతాయి. తెల్లవారేటప్పటికి చతుర్దశి ఉండి, సాయంత్రానికి అమావాస్య వచ్చేస్తుంది. 2024 అక్టోబరు 31న అంతే, 2025 అక్టోబరు 20న కూడా అంతే. అమావాస్య రాత్రి బాగా పొద్దుపోయాక మొదలయ్యే ఏడు మాత్రం విడిపోతాయి. 2017లో ఇక్కడ అక్టోబరు 18న చేసుకుంటే ఆంధ్రాలో 19న చేసుకున్నారు. 2018లో ఇక్కడ నవంబరు 6, అక్కడ 7. అలాంటి ఏడు చెన్నైలో సెలవు ముందు రోజు వస్తుంది, మన పూజ నాడు ఆఫీసుంటుంది. టెన్షన్ పడకు. చీకటి పడేసరికి ఇల్లు చేరి దీపం పెడితే చాలు.

ఇక తలంటు. అది అరవవాళ్ల పద్ధతని మీ అత్తగారు అనుకుంటున్నారు గానీ, నరక చతుర్దశి తలంటు మనదీనూ. ఆ వేళ నూనెలో లక్ష్మి, నీళ్లలో గంగ ఉంటారని పెద్దలు చెప్పేది రెండు చోట్లా ఒకటే. మా అమ్మ నక్షత్రాలు ఉండగానే లేపి, నువ్వుల నూనె మాడుకు పట్టించి, ఉత్తరేణి కొమ్మ తల చుట్టూ తిప్పి నీళ్లు పోసేది. భూదేవి కొడుకైనా లోకాన్ని పీడించిన నరకుడు సత్యభామ, కృష్ణుల చేతిలో పోయాడు కాబట్టి ఆ పీడ వదిలిన స్నానం ఇది అని చెప్పేది. మన పల్లెల్లో చాలా ఇళ్లలో సాయంత్రం సందడి పెరిగి పొద్దుటి ముచ్చట తగ్గింది, అంతే. తేడా ఏమిటంటే మనది కుంకుడుకాయ, వాళ్లది శీకాయ.

నా మొదటి దీపావళి సంగతి చెప్పాలి. వెస్ట్ మాంబళంలో ఒకే వాకిలికి నాలుగు వాటాలు. తెల్లవారుజామున టపాకాయల మోతకు ఉలిక్కిపడి లేచాను. తలుపు తీస్తే ఇంటిగలావిడ వెండి గిన్నెలో వేడి చేసిన నూనె పట్టుకుని నుంచుంది. 'గంగా స్నానం ఆచ్చా?' అంది. ఆ రోజు ఈ ఊళ్లో అందరూ ఒకరినొకరు పలకరించుకునే మాట అది, గంగాస్నానం అయిందా అని. నాకప్పటికి ఒక్క ముక్క అరవం రాదు. నా మొహం చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పీట మీద కూచోబెట్టింది. నలుగురు కూతుళ్లకు రాసినట్టే నా తలకీ రాసింది. నూనెలో రెండు మిరియాలు, కాస్త వాము వేసి కాచినట్టుంది, ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే. మా అమ్మ జ్ఞాపకం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నూనె కంట్లో పడిందనుకుని ఆవిడ కొంగుతో తుడిచింది.

కాబట్టి మీ పక్కింటి మామి పిలిస్తే వెళ్లు. కొత్త బట్టల అంచుకు పసుపు బొట్టు పెట్టి కట్టుకోండి, అది వాళ్లూ చేస్తారు, మనమూ చేస్తాం. పెళ్లయ్యాక వచ్చే మొదటి దీపావళిని ఇక్కడ 'తలదీపావళి' అంటారు. అమ్మాయి పుట్టింటివాళ్లు అల్లుణ్ణి పిలిచి బట్టలు పెట్టి, టపాకాయలు కొనిచ్చి మర్యాద చేస్తారు. మన దగ్గరా కొత్తల్లుణ్ణి దీపావళికి పిలుచుకోవడం ఉంది. నువ్వు వెళ్లలేకపోతే మీ అమ్మగారినీ నాన్నగారినీ ఇక్కడికి రమ్మను. రాజమండ్రి నుంచి చెన్నైకి ఒక్క రాత్రి ప్రయాణం.

ప్ర: తలంటయ్యాక ఇక్కడ పరగడుపున లేహ్యం ఇస్తారు. మా పిల్లలు కారమని ముట్టరు. అది తప్పనిసరా? ఇంట్లో చేసుకోవచ్చా? (ఒక గృహిణి, పెరంబూరు)

జ: చేసుకోవచ్చు, చేసుకుంటేనే బాగుంటుంది. రోజంతా నూనె వంటలూ మిఠాయిలూ తినబోతున్న కడుపును ముందుగా సిద్ధం చేసే మందు అది. తమిళులు 'లేగియం' అంటారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ధనియాలు, జీలకర్ర, వాము ప్రధానం. విడివిడిగా వెతుక్కోనక్కర్లేదు. మైలాపూరు కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టుకి వెళ్తే దీపావళి ముందు పొట్లాలు కట్టి ఉంచుతారు. ఏ పేటలోనైనా 'నాట్టు మరుందు', అంటే నాటు మందుల కొట్టుంటే అక్కడా దొరుకుతాయి.

దినుసులు దోరగా వేయించి, కాసిన్ని నీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బాలి. ఆ ముద్ద బెల్లంపాకంలో వేసి సన్నసెగ మీద కలుపుతూ, దగ్గరపడుతుంటే నెయ్యీ నువ్వుల నూనే కొంచెం కొంచెంగా పొయ్యాలి. చేతికి అంటకుండా ముద్దయినప్పుడు దించెయ్యాలి. తేనె చల్లారాకే కలపాలి. పిల్లల కోసమైతే మిరియాలు సగానికి తగ్గించి బెల్లం పెంచండి. పెద్దవాళ్లకు ఉసిరికాయంత, పిల్లలకు శనగ బద్దంత. మా మనవడు మొదటి ఏడు ఉమ్మేశాడు, రెండో ఏడు మొహం చిట్లించి మింగాడు, ఇప్పుడు వాడే అడుగుతాడు.

ప్ర: దీపావళి అమావాస్యకు కేదారేశ్వర నోము పట్టాం. 21 అరిసెలు నైవేద్యం పెట్టాలి. పోయినేడు నూనెలో వేయగానే అరిసెలు విడిపోయాయి. కారణమేమిటి? (ఒక పాఠకురాలు, చూళై)

జ: లేతపాకం. నీళ్లలో పాకం బొట్టు వేస్తే చేతికి మెత్తటి ఉండ రావాలి. ఉండ రాకముందే పిండి కలిపితే నూనెలో విడిపోతాయి. ముదిరితే రాళ్లవుతాయి. ఇంకోటి, పిండి తడిపిండే అయి ఉండాలి, కొట్లో పొడిపిండి పనికిరాదు. మీ చూళై వైపు చాలామంది ఇళ్లలో అదిరసాల (తమిళుల అరిసెల) పద్ధతి ఉంటుంది, చలిమిడిని ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి తర్వాత కాలుస్తారు. మనం అప్పటికప్పుడు కాలుస్తాం. నోముకైతే ముందు రోజే కలిపి ఉంచుకోవడం నయం, 21 ముళ్ల నోముదారం సిద్ధం చేసుకునే రోజున వంటింట్లో హడావిడి ఉండదు.

ప్ర: నా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో గోగు కాడలకు నూనెగుడ్డలు కట్టి దివిటీలు కొట్టేవాళ్లం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడికి దీపావళంటే టపాకాయలు, రంగు లైట్లే తెలుసు. దివిటీ ఎందుకు కొడతారని అడిగితే నాకు జవాబు తెలియలేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అది చేయించడం కుదురుతుందా? (ఒక తండ్రి, షోళింగనల్లూరు)

జ: మీ ఉత్తరం చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. ఈ ఊరొచ్చాక మన ఇళ్లలోంచి ముందుగా జారిపోయింది ఇదే. తలంటు పక్కింటివాళ్లను చూసైనా నిలబడింది, లక్ష్మీపూజ ఎలాగూ చేస్తాం. దివిటీని మాత్రం గుర్తు చేసేవాళ్లు లేరు, ఇక్కడివాళ్లకది తెలియదు.

అబ్బాయికి ఇలా చెప్పండి. భాద్రపదంలో మహాలయ పక్షం వస్తుంది, తాతలూ ముత్తాతలూ మనల్ని చూసిపోవడానికి వస్తారని నమ్మకం. దీపావళి అమావాస్య నాడు వాళ్లు తిరిగి వెళ్తారు. అమావాస్య కదా, దారి చీకటి. అందుకని మనవలు దివిటీ పట్టుకుని వాళ్లకు దారి చూపిస్తారు. దీన్ని శాస్త్రంలో ఉల్కాదానం అంటారు. రాత్రి వెళ్లే చుట్టాలకు వీధి చివరి దాకా లాంతరు పట్టుకెళ్లి సాగనంపేవాళ్లం చూడండి, అదే ఇది. వాడి తాతగారి పేరు, వాళ్ల నాన్నగారి పేరు చెప్పి, వీళ్లకే నువ్వు దారి చూపిస్తున్నావని చెబితే ఎనిమిదేళ్లవాడికి బాగా అర్థమవుతుంది. మిగతా పండగంతా పెద్దవాళ్లు పిల్లలకు చేసేదే. పిల్లలు పెద్దలకు చేసేది ఈ ఒక్కటి.

మా ఇంట్లో ఎలా చేసేవాళ్లమంటే, మధ్యాహ్నం మా నాన్న తన పాత పంచె చింపేవారు. రెండు వేళ్ల వెడల్పున బద్దలు చించి, ఒక్కో దాన్ని వత్తిలా మెలితిప్పి నువ్వుల నూనెలో పడేసేవారు. పచ్చి గోగు కాడలు చేయి పొడవున కోసి, ఆకు దూసి, ఒక్కో కాడ కొసకు మూడు వత్తులు గోగునారతోనే కట్టేవారు. కాడ పచ్చిదై ఉండాలి, ఎండుదైతే అదే అంటుకుంటుంది. చీకటి పడుతుండగా తులసికోట దగ్గర దీపం పెట్టి, ఆ దీపంతోనే దివిటీలు వెలిగించేది అమ్మ. మేం ఐదుగురం వీధి గుమ్మంలో వరసగా నుంచుని, ముందు ఆకాశం వైపు ఎత్తి చూపించి, తర్వాత 'దుబ్బు దుబ్బు దీపావళీ, మళ్లీ వచ్చే నాగులచవితీ' అంటూ నేలకేసి కొట్టేవాళ్లం. కొట్టినప్పుడల్లా నిప్పురవ్వలు చిమ్మేవి. కాలిన నూనె, పచ్చి నార కలిసి ఒక వాసన వచ్చేది. అన్నీ ఒకచోట పడేసి, వెనక్కి చూడకుండా పెరటి దారిన వచ్చి కాళ్లు కడుక్కుంటే, అమ్మ నోట్లో మిఠాయి పెట్టేది. ఆ తర్వాతే లక్ష్మీపూజ, ఇంటి నిండా దీపాలు, మతాబులు.

ఇక చెన్నైలో గోగు కాడలెక్కడ అంటారా? గోంగూరే గోగు. ఇక్కడ పుళిచ్చకీరై అంటారు. నేను పండక్కి వారం ముందే మా వీధికొచ్చే ఆకుకూరల ఆమెకు చెబుతాను, లేత కట్టలు వద్దు, ముదిరిన మొక్కలు వేళ్లతో సహా పీకి తెచ్చిపెట్టమని. మొదటిసారి ఆమె ఆశ్చర్యపోయింది, ముదిరిన కూర ఎవరు తింటారని. వచ్చిన అరవంలో కథంతా చెప్పాను. మర్నాడు మొక్కలతో వచ్చి, డబ్బు వద్దంది. 'తాత్తాకి దారి చూపించే కర్రకి డబ్బెలా తీసుకోను' అంది. బలవంతాన చీర పెట్టి పంపాను.

గోగు దొరక్కపోతే పచ్చి ఆముదపు కొమ్మ పనికొస్తుంది. గుడ్డ నూటికి నూరుపాళ్లూ నూలుదే కావాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ కరిగి చుక్కలుగా కారుతుంది, చర్మం మీద పడితే ఊడదు. నూనెలోంచి తీశాక గట్టిగా పిండి కట్టండి. అబ్బాయికి నూలు బట్టలే వెయ్యండి, మీరు పక్కనే నుంచోండి, బకెట్‌తో నీళ్లు పెట్టుకోండి. కింద కార్లు పెట్టే చోట వద్దు, బాల్కనీలో అసలే వద్దు. గేటు బయట ఖాళీ నేల చూసుకుని, కాపలా ఆయనకు ముందే ఒక మాట చెప్పండి. రెండు నిమిషాల పని. మా కాంప్లెక్సులో మొదటి ఏడు మేం ఒక్కళ్లమే. ఇప్పుడు ఏడిళ్ల పిల్లలు వస్తారు, అందులో రెండు తమిళుల ఇళ్లు.

వానొస్తుందని మానొద్దు. ఐప్పసి అంటే ఈ ఊళ్లో విడవని వానల నెల. 2015 నవంబరు వానల్లో గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు. మావారు మెట్ల మీద నుంచుని గొడుగు పట్టారు, దాని కింద మా అబ్బాయి ఒకే ఒక్క దివిటీ వెలిగించి ఎత్తి చూపించాడు. నేలకేసి కొట్టడానికి నేల లేదు, మెట్టుకేసి కొట్టాడు.

ప్ర: టపాకాయలు ఎప్పుడు పడితే అప్పుడు కాల్చకూడదట కదా? (ఒక విద్యార్థి, అంబత్తూరు)

జ: అవును నాయనా. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు రోజుకు రెండు గంటలే అంది. ఇక్కడ తెల్లవారుజామున కాల్చే ఆచారం ఉందని తమిళనాడు అడిగితే ఆ రెండు గంటలను విడగొట్టుకోనిచ్చారు. అప్పట్నుంచీ ఇక్కడ పొద్దున 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. కాల్చేవి కాలుష్యం తక్కువ చేసే గ్రీన్ క్రాకర్స్ అయి ఉండాలి, దండలుగా కట్టిన సీమటపాకాయలు కూడదు. నా మాటగా ఒకటి చెబుతాను. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు చాలు. మీ మెట్ల కింద పడుకునే కుక్కను ఆ గంట ఎవరింట్లోకైనా రానివ్వండి, అది వణికిపోవడం నేను కళ్లారా చూశాను.

ప్ర: ఆషాఢంలో మా నాన్నగారు పోయారు. ఈ ఏడు పండగ లేదు, తెలుసు. కానీ చుట్టూ అందరి ఇళ్లలో దీపాలు వెలుగుతుంటే మా ఇల్లొక్కటే చీకటిగా ఉండాలా అని అమ్మ ఏడుస్తోంది. (ఒక పాఠకుడు, మాధవరం)

జ: బాబూ, మీ ఇంటి పురోహితుణ్ణి ఒక మాట అడగండి, ఇంటింటికీ ఆనవాయితీ వేరు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మావారు 2019 సెప్టెంబరులో పోయారు. ఆ దీపావళి నెల తిరక్కముందే వచ్చినట్టనిపించింది. కొత్త బట్టలు, పిండివంటలు, టపాకాయలు వద్దన్నారు పురోహితులు. దీపం మాత్రం మానొద్దన్నారు. దేవుడి దగ్గర ఒకటి, గుమ్మంలో ఒకటి పెట్టాను.

దివిటీ ఆ ఏడు చెయ్యొచ్చా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, అది పెద్దల కోసమే కదమ్మా, కొట్టకుండా, పాట లేకుండా ఒక్కటి చూపించమనండి అన్నారు. మా అబ్బాయి గేటు దగ్గర నుంచుని దివిటీ ఎత్తి పట్టుకున్నాడు. అంతకుముందు ఏళ్లలో వాడు ముత్తాతకు చూపించేవాడు, ఎప్పుడూ చూడని మనిషికి. ఆ రోజు వాళ్ల నాన్నకు. వత్తి పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి దించలేదు.

లోపలికొచ్చేసరికి పక్కవాటా వాళ్లు స్టీలు డబ్బాలో మైసూర్‌పాకు, మురుకులు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూచున్నారు. మనం చేసుకోకూడదు గానీ, తెచ్చిపెడితే తినొచ్చు. మీ ఇంటికీ ఎవరో ఒకరు తెస్తారు. తీసుకోండి, అమ్మగారి చేత తినిపించండి.

ప్ర: దీపావళి మర్నాడు ప్రమిదలన్నీ తీసేయొచ్చా? పోయినేడు కొన్నవి నూనె పీల్చేసి కారిపోయాయి. (ఒక పాఠకురాలు, కోడంబాకం)

జ: తీసేయకండి. మర్నాటి పాడ్యమి నుంచే మనకు కార్తీకం, నెల్లాళ్లూ సందెదీపం ఉంది. విదియ నాడు భగినీ హస్త భోజనం, మీ తమ్ముణ్ణి భోజనానికి పిలవండి. చవితి నాడు నాగులచవితి. తర్వాత మీ ఇరుగుపొరుగు తమిళులకు కార్తిగై దీపం వస్తుంది, తిరువణ్ణామలై కొండ మీద దీపం వెలిగే రోజు. ఆ సాయంత్రం ఈ ఊళ్లో వాకిళ్లు దీపావళి కంటే అందంగా ఉంటాయి, మీ గుమ్మంలోనూ నాలుగు పెట్టండి.

కొత్త ప్రమిదల్ని వాడే ముందు ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టాలి. అప్పుడు నూనె పీల్చవు. పాతవాటికి పట్టిన జిడ్డు పోవాలంటే వేడినీళ్లలో కుంకుడు రసం వేసి పీచుతో రుద్దండి. అంచు పగిలినవి తీసి పక్కన పెట్టండి, తులసి మొక్క చుట్టూ మట్టిలో గుచ్చడానికి పనికొస్తాయి.